అద్దె గోడల మీది వ్రాతలు

మన కళాశాల వార్షిక సంచికను ఇకమీదట అచ్చు వేయించనవసరం లేదనీ, విద్యార్థుల రచనలను ఏదైనా ఒక సామాజిక మాధ్యమంలో కళాశాల పేరిట పుట తెరిచి అందులో పెట్టినట్లయితే కాగితపు ఖర్చు కలిసివచ్చుటే గాక చదివేవారి సంఖ్య కూడ పెరుగుననీ క్రిందటి సంచిక సంఘ సమావేశంలో ఒక సూచన వచ్చినది. సూచించినవారు సంచిక మీద ప్రేమ లేనివారు కారు. ఖర్చుల పట్టిక ముందు పెట్టుకొని, లెక్కతో మాట్లాడినారు. ఆనాడు మేము రెండు మాటలు చెప్పబోయి, జొహర్ నమాజు వేళ సమీపించుటచే ఊరకుండిపోయినాము. అప్పుడు చెప్పలేకపోయిన దానిని ఈ పుటలలో విద్యార్థుల ముందూ సంఘ సభ్యుల ముందూ పెడుతున్నాము.

తెర మీద చదువుట తక్కువ అనీ, కాగితం మీద చదువుట ఎక్కువ అనీ వాదించే ఉద్దేశం మాకు లేదు. మేమే గత రంజాను మాసం మొదలు ఇంటర్నెట్‌లో సొంత వెబ్‌సైటు ఒకటి ఏర్పాటు చేసుకొని, పది పన్నెండేళ్ళ క్రిందట వదిలిపెట్టిన వ్రాతపనిని మళ్ళీ అందుకొన్నాము. వ్రాసినది ఎవరి ఇంట ఉంటుంది, ఆ ఇంటి తాళము ఎవరి చేతిలో ఉంటుంది అన్నదే మా ప్రశ్న. ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో దొరికినది కాదు. ఒక నష్టము వలన కలిగినది.

మేము విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుచుండిన 2009–2011 నడిమి కాలంలో తెలుగులో బ్లాగులు వ్రాయుట ఒక ఉత్సాహంగా ఉండేది. వసతిగృహం ఎదుట ఉన్న ఇంటర్నెట్ అంగడిలో గంటకు ఇంత అని చెల్లించి కూర్చొనేవాళ్ళము. అక్కడి కంప్యూటర్లలో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. తెలుగు పుట తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి, లేదా ఒత్తులు ఊడి ప్రక్కన పడి ఉండేవి. భాషల అమరికలో ఒక చిన్న గడి ఉండేది. క్లిష్టమైన లిపులకూ, కుడి నుండి ఎడమకు నడిచే లిపులకూ కావలసిన ఫైళ్ళను స్థాపించుమని ఆ గడికి అర్థం. దానికి గుర్తు పెట్టి, అంగడి యజమానిని బ్రతిమాలి సీడీ తెప్పించి, యంత్రాన్ని ఆపి మళ్ళీ నడిపిస్తే తెలుగు వచ్చేది. అదే గుర్తుతో ఉర్దూ కూడ వచ్చేది! మన రెండు భాషలూ ఒకే గడి వెనుక ఇన్నాళ్ళు కాచుకొని ఉన్నవని అప్పుడు మా మిత్రుడొకడు నవ్వినాడు. ఈ సంచికలో ఎడమ నుండి తెలుగు, కుడి నుండి ఉర్దూ మొదలై నడుమ కలుసుకొనుట చూచినప్పుడెల్లా మాకు ఆ మాట జ్ఞాపకం వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టితే తెలుగు చేసి ఇచ్చే ‘లేఖిని’, తెలుగు బ్లాగులన్నింటి కొత్త వ్రాతలను ఒకచోట చూపే ‘కూడలి’ ఆనాటి మా నిత్యావసరాలు. మేము వ్రాసినవి నలభై దాకా ఉండవచ్చును. పీర్ల పండుగ నాడు మా ఊరి వీధుల గురించి, ఇంట తెలుగు మాట్లాడి మసీదులో అరబ్బీ చదివే పిల్లవాడి తికమక గురించి, పరీక్షల గురించి, పనికిరాని ప్రేమకవితలు కొన్ని. 1998లో వచ్చిన ‘జల్‌జలా’ కవితాసంకలనం, 2004లో వచ్చిన ‘వతన్’ కథాసంకలనం చదివిన వేడి మాలో ఉండేది. మన ఇంటి మాట అచ్చులోకి రావచ్చునన్న ధైర్యం ఆ పుస్తకాలు ఇచ్చినవి. చదివేవారు ముప్పది మంది ఉంటే గొప్ప. కాని ఆ ముప్పది మందీ చదివేవారు.

పిమ్మట అందరూ సామాజిక మాధ్యమాలకు తరలినారు. మేము కూడ 2012లో తరలినాము. వ్రాసిన మరుక్షణమే పదిమంది మెచ్చుకొనేవారు. అంతకు ముందు ఒక వ్యాసం వ్రాయుటకు మూడు దినాలు పట్టితే, ఇప్పుడు బస్సులో నిలబడి మూడు నిమిషాలలో ముగించేవాళ్ళము. ఇందులో తప్పు మాధ్యమానిది మాత్రమే అని చెప్పితే అబద్ధమవుతుంది. చప్పట్లకు మేము అలవాటుపడినాము. బొటనవ్రేలి గుర్తులు లెక్కపెట్టుకొని నిద్రపోయిన రాత్రులు మాకూ ఉన్నవి.

అట్టి కాలంలోనే, 2013 వేసవిలో, మా తాత దగ్గర కూర్చొని ఒక పని చేసినాము. మాది దూదేకుల కుటుంబం. మా తాత చలికాలం వచ్చునప్పటికి విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి, పాత పరుపుల దూదిని ఏకి, బొంతలు కుట్టించి ఇచ్చేవాడు. ఇంట ఒక గదిలో విల్లు దూలానికి వ్రేలాడుతూ ఉండేది. యంత్రాలు వచ్చిన తరువాత ఆ విల్లు అటక ఎక్కినది; తరువాత వంటచెరకు అయినది. ఆ వేసవిలో తాతను అడిగి, విల్లులోని ఒక్కొక్క భాగానికి ఏమి పేరు, నారిని దేనితో పేనుతారు, దానిని మీటే కొయ్యకు ఏమి పేరు, దూది తడిసి ఉంటే ఏమంటారు, నలుసు ఎక్కువైతే ఏమంటారు, ఏకిన దూది గాలిలో లేచినప్పుడు ఏమంటారు అని వివరంగా కనుగొన్నాము. మొత్తం పందొమ్మిది మాటలు. మేము చదివిన నిఘంటువులలో వానిలో సగం కూడ కనబడలేదు. వెంటనే ఫోనులోనే కొట్టి, తాత చేతుల ఫోటోతో సహా ఆ మాధ్యమంలో పెట్టినాము. మూడు వందల మంది మెచ్చుకొన్నారు. కాగితం మీద వ్రాసుకోవలెనన్న ఆలోచన రాలేదు. అక్కడ ఉన్నది గదా అనుకొన్నాము.

తాత 2014లో కాలంచేసినాడు.

2018లో ఒకనాటి ఉదయం మా ఖాతా తెరుచుకొనలేదు. మేము మేమేనని నిరూపించుకొనుమని ఒక తెర వచ్చినది. గుర్తింపు కార్డు పంపినాము. కార్డులో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. ఖాతాలో ఇంటిపేరే లేదు. పైగా మా పేరును ఇంగ్లీషులో పాఠశాల గుమాస్తా ఒక విధంగా, రేషన్ కార్డు వ్రాసినవారు మరొక విధంగా వ్రాసినారు. ఈ బాధ మన విద్యార్థులలో చాలమందికి వివరించనక్కరలేదు. సరిపోలడం లేదని యంత్రమే జవాబిచ్చినది. నాలుగు మార్లు వ్రాసితే నాలుగు మార్లూ అక్షరం మారకుండ అదే జవాబు. అర్జీ పట్టుకొని వెళ్ళుటకు ఒక కార్యాలయం లేదు, కసురుకొనుటకైనా ఒక గుమాస్తా లేడు. గడువు దాటినది; ఆరేండ్ల వ్రాతతోబాటు తాత చెప్పిన పందొమ్మిది మాటలూ పోయినవి. విచిత్రమేమనగా, 2009 నాటి మా పాత బ్లాగు మాత్రం చెక్కు చెదరక ఉన్నది. పనికిరాని ప్రేమకవితలు భద్రంగా ఉన్నవి.

ఇది మా ఒక్కరి దురదృష్టమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. 1990లలో లక్షలాది సామాన్యులు తమ మొదటి పుటలు కట్టుకొన్న జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009 అక్టోబరులో మూసివేసినది. మన దేశంలో ఒక తరం విద్యార్థులు స్నేహాలు కలుపుకొన్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో ముగిసినవి. అదే 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, ఈ దేశంలో దాని మీద ఆటపాటలు నిలుపుకొన్న పల్లెటూరి పిల్లలెందరికో వేదిక ఉన్నట్లుండి లేకుండాపోయినది. నిషేధం సబబా కాదా అన్న చర్చ వేరు. మూయుటకు ఒక్కొక్కచోట ఒక్కొక్క కారణం: ఒకచోట లాభం లేదు, ఒకచోట యజమాని మారినాడు, ఒకచోట రాజ్యం ఆజ్ఞ. వ్రాసినవానిని మాత్రం ఎక్కడా ఎవరూ సలహా అడుగలేదు.

అద్దె ఇంట ఉన్నవాడు గోడకు మేకు కొట్టుటకు కూడ యజమాని ముఖం చూడవలసి వస్తుంది. ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించినప్పుడు దానిని మద్రాసులో అచ్చువేయించేవారు. ఆ ఇబ్బంది పడలేక కొద్దికాలంలోనే రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం పెట్టుకొన్నారు. లంచగొండులను గూర్చి అంత నిర్భయంగా వ్రాయుటకు ఆయన కలంతోబాటు ఆ అచ్చుయంత్రం కూడ ఆయనదే కావలసి వచ్చినది. ఇటు హైదరాబాదులో, నిజాం ప్రభుత్వం ‘రయ్యత్’ ఉర్దూ పత్రికను నిలిపివేయగా, అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ చేతులు ముడుచుకొని కూర్చొనక 1947లో ‘ఇమ్రోజ్’ను స్థాపించినారు. 1948 ఆగస్టులో రజాకారుల చేతిలో ప్రాణాలు కోల్పోయినారు. ఆయన త్యాగంతో మా చిన్న వెబ్‌సైటును పోల్చుట మా ఉద్దేశం కాదు. అట్లా పోల్చినవాడు నవ్వులపాలగును. మన ఉర్దూ విభాగపు గోడ మీద ఆయన పటం ఉన్నది గనుక, వ్రాయుటకు ఒక చోటు ఉండుట ఎంత బరువైన సంగతియో చెప్పుటకు మాత్రమే పేర్కొన్నాము.

ఈనాడు ఆ బరువు చాల తగ్గినది. వెబ్ అనే ఏర్పాటును పుట్టించిన సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న దానిని ఎవరైనా, రుసుము లేకుండ, అనుమతి అడుగకుండ వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఆ మాట నేటికీ చెల్లుచున్నది. సొంత వెబ్‌సైటుకు కావలసినవి రెండే: ఒకటి పేరు, రెండవది చోటు. డొమైన్ అనే పేరును ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూగా చెల్లించి నమోదు చేసుకొనవచ్చును. పదేండ్లకు ఒకేసారి కూడ చెల్లించవచ్చును. మొదటి సంవత్సరం చవుకగా చూపించి రెండవ సంవత్సరం పెంచే అంగళ్ళు ఉన్నవి గనుక, ముందే అడిగి తెలుసుకొనుట మంచిది. హోస్టింగ్ అనే చోటును అద్దెకు తీసుకొనవలె. ఇదీ అద్దెయే గదా అని తెలివైన విద్యార్థి ప్రశ్నించును. నిజమే. కాని ఇక్కడ పేరు మన చేతిలో ఉన్నంతకాలం, చోటు ఇచ్చినవాడు పేచీ పెట్టితే మన ఫైళ్ళను సంచిలో సర్దుకొని మరొకచోటికి మారవచ్చును. చదివేవారు పాత చిరునామాకే వస్తారు. ఇల్లు మారినా వీధి పేరు, ఇంటి నంబరు మనతోనే నడిచివచ్చునట్లు!

మేము మొదట వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఆరంభించినాము. అది 2003 నుండి ఉన్నది, మంచిదే. కాని దానికి తరచు మరమ్మతులు చేయవలె, లేనియెడల దొంగలు దూరుతారు. మావంటి తెలుగు ఉపాధ్యాయునికి అది తగినంత తలనొప్పి. రెండు నెలల తరువాత మా కంప్యూటర్ శాఖ మిత్రుని సాయంతో అన్నింటినీ సాదా హెచ్‌టీఎంఎల్ పుటలుగా మార్చుకొన్నాము. ఒక్కొక్క వ్యాసం ఒక్కొక్క ఫైలు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ సంచీ మొత్తం ఒక పెన్‌డ్రైవులోకి నకలు తీసి బీరువాలో పెడుతున్నాము. బీరువాలో మా నిఖానామా ప్రక్కనే దాని స్థానం. మా శ్రీమతి ఇది చూచి నవ్వినది గాని, తీసివేయలేదు.

ఐతే చదివేవారెవరు? ఈ ప్రశ్న విద్యార్థులు మమ్ము తరగతిలోనే అడిగినారు. సత్యం చెప్పవలెనంటే, మొదటి నెలలో మా పుటలను చూచినవారు పదకొండుగురు. అందులో నలుగురు మా బంధువులు, ఒకరు మేమే. సామాజిక మాధ్యమంలో మూడు వందలు ఎక్కడ, ఇది ఎక్కడ! కొత్త వ్రాత పడినదని పాఠకునికి తెలియజేసే ఆర్ఎస్ఎస్ అనే చక్కని ఏర్పాటు ఉన్నది గాని, 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడిన తరువాత దానిని వాడేవారు తగ్గిపోయినారు. మేము చేసేది సులువైన పని: వ్యాసం మా ఇంట పెట్టి, దాని చిరునామాను మాత్రం వాట్సాప్‌లో పదిమందికి పంపుతాము. దండోరా బజారులో వేయించుటలో తప్పులేదు, ధాన్యం మాత్రం మన గాదెలో ఉండవలె. ఎనిమిదవ నెలలో మా పీర్ల పండుగ వ్యాసానికి, ఉద్యోగార్థమై దుబాయిలో ఉన్న మా ఊరివారొకరు రెండు పుటల ఉత్తరం వ్రాసినారు. మేము తప్పుగా వ్రాసిన వీధి పేరును సరిదిద్దినారు. పాత మూడు వందల మెచ్చుకోళ్ళలో అటువంటిది ఒక్కటి కూడ మాకు జ్ఞాపకం లేదు.

సొంత ఇల్లు కూడ కూలవచ్చును. దీనికి మన కళాశాలయే సాక్షి. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక గుత్తేదారు మనకు వెబ్‌సైటు కట్టి ఇచ్చినాడు. పేరును ఆయన తన పేరిటనే నమోదు చేసికొన్నాడు. ఆయన వేరే ఊరికి తరలిపోవుటతో ఏడాది రుసుము కట్టినవారు లేరు, పాస్‌వర్డ్ తెలిసినవారు లేరు. నాలుగు సంచికల ప్రతులు దానితోబాటు పోయినవి. అచ్చుప్రతులు గ్రంథాలయంలో ఉన్నవి గనుక బ్రతికిపోయినాము! అందుచేత సొంత వెబ్‌సైటు పెట్టినంత మాత్రాన వ్రాత చిరంజీవి అగునని మేము చెప్పము. రుసుము కట్టే చేయి ఉన్నంతవరకే అది ఉండును. కాని ఆ చేయి మనది. నిర్లక్ష్యం చేస్తే మన్నే మనం తిట్టుకొనవచ్చును, యంత్రానికి దరఖాస్తులు పెట్టుకొనవలసిన పని లేదు. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన ‘ఈమాట’ పత్రికను చూడండి. సొంత చిరునామాలోనే ఉండుటచే దాని పాత సంచికలను నేటికీ తీరికగా చదువుకొనవచ్చును. అక్కడ కొందరు మనుష్యులు విసుగు లేక ఆ పని చూచుకొన్నారు. అంతకు మించిన రహస్యం అందులో లేదు.

కనుక సంఘ సభ్యులకు మా మనవి ఇది. సంచిక అచ్చును మానవద్దు. ప్రతులు తగ్గించుకొన్నా సరే, గ్రంథాలయానికీ రచయితలకూ సరిపడ వేయించండి. దానితోబాటు కళాశాల పేరిటనే డొమైన్‌ను పదేండ్లకు నమోదు చేయించండి. పాస్‌వర్డ్ ఒక్కరి జేబులో గాక, ప్రిన్సిపాల్‌గారి కార్యాలయంలోనూ గ్రంథపాలకుని దగ్గరనూ వ్రాతమూలకంగా ఉండవలె. ఉర్దూ రచనలను పుట ఫోటోగా పెట్టు అలవాటు మానవలె. ఫోటోలోని అక్షరాన్ని వెదకలేము, దిద్దలేము, చూపు లేని విద్యార్థికి యంత్రం చదివి వినిపించలేదు. నస్తాలీఖ్‌కు మంచి ఫాంట్లు వచ్చి చాలకాలమైనది. ఇక సాకు లేదు. సామాజిక మాధ్యమంలో పుట కూడ తెరువవచ్చును, కాని అందులో చిరునామాలు మాత్రమే పెట్టుదము.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. క్రిందటి ఏడు మన బి.ఏ. ద్వితీయ సంవత్సరం అమ్మాయి ఒకరు తన తల్లిని గూర్చి వ్రాసిన కవిత, పేరు ఊడిపోయి, ఊరూరా తిరిగి, చివరకు మరెవరి పేరుతోనో ఆమె ఫోనుకే చేరినది. ఆమె దగ్గర, తానే ముందు వ్రాసినట్లు చూపుటకు తేదీ గల ప్రతి ఒక్కటి కూడ లేదు. ఇప్పుడు ఆమెకూ, మరి ఇద్దరికీ మా వెబ్‌సైటులోనే ఒక్కొక్క గది ఇచ్చినాము. పరీక్షలైన తరువాత ఎవరి పేరు వారు నమోదు చేసికొని వేరుపడుదురు. వేరుపడుట చూడవలెననియే మా కోరిక.

మా తాత చెప్పిన పందొమ్మిది మాటలలో ఇప్పటికి ఏడు తిరిగి దొరికినవి. మూడు మాకే జ్ఞాపకం వచ్చినవి, నాలుగు మా మేనత్త చెప్పినది. ఆమెకు ఎనుబది దాటినవి. ఒక దినం చెప్పిన మాటను మరొక దినం కాదంటున్నది. నారిని మీటే కొయ్య పేరు ఇంకను దొరకలేదు. ఈ పుటలు చదివే విద్యార్థులలో దూది ఏకిన పెద్దలు ఉన్న ఇండ్లవారు ఎవరైనా ఉంటే, మధ్యాహ్నం మూడు గంటల తరువాత తెలుగు శాఖ గదిలో మేము ఉంటాము. పెద్దల మాటను ఫోనులో పట్టుకొని తెచ్చినా చాలును, వ్రాసుకొనే పని మాది.